పాత సంతాప నగ చేతికి వచ్చినప్పుడు: చదివే తీరు, దాచే తీరు

మా గుంటూరులో పాత బంగారం ఏది బయటపడినా ముందు వినిపించే ప్రశ్న ‘ఎన్ని గ్రాములుంది?’ అన్నదే. మామూలు నగల విషయంలో ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. అయితే నూటయాభై ఏళ్ల కిందట ఇంగ్లండులోనో అమెరికాలోనో ఒకరి మరణాన్ని గుర్తుంచుకోవడానికి చేయించిన బంగారు నగ, ఏ మిషన్ బంగళా నుంచో, దొరల దగ్గర కొలువు చేసిన ఏ ముత్తాత పెట్టె నుంచో మీ బీరువాలోకి చేరి ఉంటే, దాన్ని తక్కెడలో పెట్టకముందే చదవాలి. ఇటువంటి నగలను ఇంగ్లీషులో మోర్నింగ్ జ్యువెలరీ అంటారు. ఇక్కడ మోర్నింగ్ అంటే ఉదయం కాదు, శోకం. తెలుగులో సంతాప నగలు అని పిలుచుకుందాం. వాటిని ఎలా గుర్తించాలో, వాటి మీది గుర్తులకు అర్థమేమిటో, పాడుచేయకుండా ఎలా దాచుకోవాలో ఇక్కడ వివరిస్తాను.

ఈ విషయం మీద నాకు శ్రద్ధ కలగడానికి కారణం మా ఇంట్లోని ఒక బ్రోచ్, అంటే బట్టకు పిన్నుతో గుచ్చుకునే నగ. మా అమ్మమ్మ గుంటూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసేది. స్వదేశానికి తిరిగి వెళ్లిపోతున్న ఒక దొరసాని దాన్ని ఆమె చేతిలో పెట్టి వెళ్లిందట. పాత అర్ధరూపాయి బిళ్లంత ఉంటుంది, కాస్త కోలగా ఉంటుంది. చుట్టూ నల్ల మీనా (ఎనామెల్) పని, దాని మీద ఎనిమిది అరముత్యాలు ఉండవలసిన చోట ఇప్పుడు ఏడు ఉన్నాయి. మధ్యలో గాజు కింద లేత గోధుమరంగు వెంట్రుకలను తాటాకు చాప అల్లినట్లు అల్లి పరిచారు. అమ్మ అదేమిటో తెలియక ఒక పండుగ ముందు మిగతా నగలతోపాటు దాన్నీ కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో రుద్దింది. గాజు అంచు గుండా నీరు లోపలికి దిగి, ఒక మూల వెంట్రుకలు ముద్దకట్టి నల్లబడ్డాయి. ఆ మరక ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి మొట్టమొదట పాటించవలసిన నియమం ఇది: ఏం చేసినా సరే, కడగవద్దు. కుంకుడు రసం, సబ్బునీళ్లు, దుకాణాల్లో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రం, ఇవేవీ గాజు కింద వెంట్రుకలు గానీ బొమ్మ గానీ ఉన్న నగకు పనికిరావు.

ముందు వెనుకవైపు చూడాలి

పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని, పది రెట్లు పెద్దదిగా చూపించే లెన్సు ఒకటి దగ్గర ఉంచుకుని, నగను బోర్లా తిప్పండి. మన నగల్లో పనితనమంతా ముఖం మీద ఉంటుంది. సంతాప నగల్లో అసలు మాట తరచుగా వీపు మీదో, ఉంగరమైతే లోపలివైపో ఉంటుంది. పేరు లేదా పేరులోని మొదటి అక్షరాలు, మరణించిన తేదీ, వయస్సు అక్కడ చెక్కి ఉంటాయి. ఓ, బి అనే రెండు రోమన్ అక్షరాలు కనిపిస్తే అవి ‘మరణించెను’ అనే అర్థమిచ్చే లాటిన్ మాటకు పొట్టిరూపం; ఏ, ఈ, టి అనే మూడు అక్షరాలు వయస్సును సూచిస్తాయి. ‘ఇన్ మెమొరీ ఆఫ్’ అనే మాటలు కోణాలు దేరిన పాత గోథిక్ లిపిలో, నల్ల మీనా నేపథ్యంలో బంగారు అక్షరాలుగా కనిపిస్తే అనుమానానికి తావు లేదు. ఏ, ఈ, ఐ అని మూడే అక్షరాలుంటే అది పొట్టిరూపం కాదు, ‘ఎల్లకాలం’ అనే అర్థమున్న గ్రీకు మాట.

చెక్కడాలు అరిగిపోయి ఉంటే నగను ఏటవాలుగా పట్టుకుని పక్కనుంచి టార్చి వేయండి. గీతలు నీడలుగా లేచి కనిపిస్తాయి. ఫోన్‌తో నాలుగు కోణాల్లో ఫోటో తీసుకుని తెరమీద పెద్దది చేసి చదివితే కంటికి అందనిది అందులో అందుతుంది. మా బ్రోచ్ వెనుక ఉన్న 1868 అనే అంకెను నేను ఆ పద్ధతిలోనే చదవగలిగాను. అంతకుముందు ముప్పై ఏళ్లపాటు దాన్ని మా ఇంట్లో అందరూ గీతలనే అనుకున్నారు.

కాలం చెప్పే సాక్ష్యాలు మరికొన్ని ఉన్నాయి. పదిహేడో శతాబ్దపు ఉంగరాల మీద పుర్రె, ఎముకలు, ఇసుక గడియారం, శవపేటిక నేరుగా కనిపిస్తాయి. ‘నీవూ మరణిస్తావని గుర్తుంచుకో’ అన్న హెచ్చరిక వాటి సారం. 1649లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కు మరణశిక్ష అమలు చేసిన తరువాత ఆయన అభిమానులు ఆయన బొమ్మ ఉన్న ఉంగరాలను, లాకెట్లను రహస్యంగా ధరించారు. చావు గురించి హెచ్చరించే నగ, చనిపోయిన ఒక ఫలానా మనిషిని తలచుకునే నగగా మారడం ఆ కాలంలోనే బలపడింది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి పుర్రెలు వెనక్కు తగ్గి, సమాధి మీద తలవాల్చి నిలబడిన స్త్రీ, అస్థికల కలశం, కొమ్మలు కిందికి వాలిన విల్లో చెట్టు గల చిన్న చిత్రాలు వచ్చాయి. 1861 డిసెంబర్ 14న భర్త ఆల్బర్ట్ మరణించాక విక్టోరియా రాణి తాను మరణించిన 1901 వరకు నలుపు విడువలేదు. రాణిని చూసి దేశమంతా అదే పట్టడంతో, మనకు ఎక్కువగా దొరికే నల్ల మీనా బ్రోచ్‌లు, లాకెట్లు ఆ నలభై ఏళ్లవే అయి ఉంటాయి. 1914లో మొదలైన ప్రపంచయుద్ధం తరువాత ఈ ఆచారం అణగారిపోయింది.

బ్రోచ్ అయితే పిన్నును పట్టే కొక్కెం చూడండి. ఇంగ్లీషు సి అక్షరంలా వంచిన సాదా కొక్కెం, దాన్ని దాటి చట్రం బయటికి పొడుచుకు వచ్చిన పొడవాటి పిన్ను ఉంటే అది పందొమ్మిదో శతాబ్దపు పద్ధతి. తిప్పి బిగించే భద్రపు కొక్కెం ఉంటే నగ తరువాతి కాలానిదో, మరమ్మతు జరిగిందో అనుకోవాలి.

గుర్తుల భాష

ఇక్కడ తెలుగువాళ్లం ఒక జాగ్రత్త తీసుకోవాలి. మన అర్థాలను ఆ నగకు అంటించకూడదు. మనకు నలుపు నల్లపూసల రంగు, సౌభాగ్యం, తెలుపు వైధవ్యం. ఆ నగల్లో సాధారణంగా నల్ల మీనా వివాహితుల మరణానికి, తెల్ల మీనా పెళ్లికాని వారి, చిన్నపిల్లల మరణానికి వాడేవారు. తెల్ల మీనా ఉంగరం కనిపించి, లోపల చెక్కిన వయస్సు రెండంకెలకు కూడా చేరకపోతే, ఆ ఉంగరాన్ని ఏ తల్లి వేలికి పెట్టుకుందో వేరే చెప్పనక్కరలేదు. ఆచారం కూడా మనకు తలకిందులే. మన దగ్గర దుఃఖం వచ్చిన ఇంట గాజులు, మెట్టెలు, పుస్తెలు తీసేవారు. అక్కడ దుఃఖం వచ్చినప్పుడు నగ చేయించుకుని ధరించేవారు. చనిపోయే వ్యక్తి తన వీలునామాలోనే బంధుమిత్రులకు ఉంగరాలు పంచడానికి డబ్బు కేటాయించడం పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో మామూలు విషయం. 1703లో మరణించిన ఇంగ్లీషు దినచర్య రచయిత శామ్యూల్ పీప్స్ అంత్యక్రియల సందర్భంగా వందకు పైగా ఉంగరాలు పంచారు.

ముత్యాలు కన్నీటి బొట్లు. విల్లో చెట్టు శోకం, కలశం దేహాన్ని విడిచిన ఆత్మ, విరిగిన స్తంభం నడిమధ్యలో తెగిన ఆయుష్షు. నీలి రంగు మీనాతోనో ఫిరోజా రాళ్లతోనో చేసిన చిన్న ఐదురేకుల పువ్వు పేరే ‘నన్ను మరువకు’. చుట్టుకుపోయే ఐవీ తీగ విడువని విశ్వాసం. గసగసాల పువ్వు నిద్ర. సిలువ విశ్వాసానికి, లంగరు ఆశకు, హృదయం ప్రేమకు గుర్తులు, ఈ మూడూ ఒకే గొలుసుకు వేలాడుతూ కనిపించవచ్చు. తన తోకను తానే నోట కరచుకున్న పాము మొదలూ తుదీ లేని కాలానికి గుర్తు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు పాము నగ మీద ఉండడం వింత కాదు గాని, అర్థం మాత్రం వేరు. పామును చూసి వెంటనే సంతాప నగ అని తేల్చేయవద్దు. 1840లో పెళ్లయిన విక్టోరియా రాణి నిశ్చితార్థపు ఉంగరం కూడా పాము ఆకారంలోదే.

వెంట్రుకల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మన ఇళ్లలో భయమంతా అక్కడే కలుగుతుంది కాబట్టి. ‘చచ్చినవాళ్ల వెంట్రుకలు ఇంట్లో ఉంచకూడదు, కృష్ణలో కలిపెయ్యండి’ అని మా పెద్దమ్మ అన్నప్పుడు నేను ఎదురు చెప్పలేకపోయాను. దేహంలో ఎముక, పళ్ల తరువాత ఎక్కువ కాలం చెడకుండా నిలిచేవాటిలో వెంట్రుక ఒకటి. రంగు, మెత్తదనం వందేళ్లు దాటినా అలాగే ఉంటాయి. మనిషి ఉన్నదానికి అంతకన్న దగ్గరి గుర్తు దొరకదని ఈ నగలు చేయించుకున్నవారు భావించారు. కొన్నింటిలో వెంట్రుకలను ఈకల్లా వంపు తిప్పి బంగారు తీగతో కట్టారు; కొన్నింటిలో పొడిగా నూరి రంగులో కలిపి ఆ విల్లో చెట్టును గీశారు; గడియారపు గొలుసులుగా పేనినవీ ఉన్నాయి. మన నేలకు కూడా ఇటువంటి భావం కొత్తది కాదు. 1892లో భట్టిప్రోలు బౌద్ధ స్తూపాన్ని తవ్వినప్పుడు పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీకి రాతి పేటికల లోపల స్ఫటిక భరిణెలు, వాటిలో ధాతువు (దేహపు అవశేషం), బంగారు పూలు దొరికాయి. పోయిన మహనీయుడి దేహంలోని ఒక చిన్న తునకను స్ఫటికం వెనుక, బంగారం తోడుగా దాచుకోవడం రెండువేల ఏళ్ల కిందటే ఇక్కడివారికి తెలుసు. ఈ మాట చెప్పాకనే మా పెద్దమ్మ ఆ బ్రోచ్‌ను చేతిలోకి తీసుకుని చూసింది.

ఒక్క మాట మరువకూడదు. వెంట్రుకలున్న ప్రతి నగా సంతాప నగ కాదు. బతికున్న ప్రేమికులు, తల్లీబిడ్డలు, స్నేహితులు కూడా వెంట్రుకలు ఇచ్చిపుచ్చుకునేవారు. మరణ తేదీ, నల్ల మీనా, కలశం వంటి మరో సాక్ష్యం లేనిదే అది మరణానికి సంబంధించినదని నిర్ణయించవద్దు.

మీ ఇంట్లో ఇంగ్లీషు నగ ఏదీ లేదనుకుంటే ఒకసారి కాసులపేరు తీసి చూడండి. కాసుల్లో లక్ష్మీదేవి ముద్ర కాక నిజమైన సవరన్లు (బ్రిటిష్ బంగారు నాణేలు) ఉంటే, వాటి మీది రాణి ముఖం వయస్సుతోపాటు మారుతుంది. 1887 వరకు వచ్చిన వాటిపై జుట్టు ముడివేసుకున్న యువతి, 1887 నుంచి 1893 దాకా చిన్న కిరీటం, దాని కింది నుంచి జారే మేలిముసుగు, 1893 నుంచి 1901 వరకు కిరీటం పైనుంచి ముసుగు కప్పుకున్న ముసలి వితంతువు. మన ఇళ్లలో పెళ్లికూతురి మెడలో వేసే కాసుల్లోనే ఒక భార్య నలభై ఏళ్ల శోకం అచ్చయి ఉంది. బెజవాడ బందరు రోడ్డులో నేడు బాపు మ్యూజియంగా ఉన్న విక్టోరియా జూబ్లీ మ్యూజియం కూడా ఆ రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన 1887వ సంవత్సరపు గుర్తే.

నల్లనిదంతా ఒకటి కాదు

మీనా కాక నల్లటి పూసలు, నల్లటి పతకం ఉంటే అది ఏ పదార్థమో చూడాలి. ఇంగ్లండు ఈశాన్య తీరంలోని విట్‌బీ ఊరి దగ్గర దొరికే జెట్ రాయి నిజానికి కోట్ల ఏళ్ల కిందటి చెట్టు కలప శిలగా మారినది. చేతికి తేలికగా ఉంటుంది, చెంపకు ఆనిస్తే చల్లగా తగలదు, ఊలు గుడ్డతో రుద్దితే చిన్న కాగితం ముక్కలను లాగుతుంది. మెరుగు వేయని పింగాణీ మీద కనపడని మూలను మెల్లగా గీస్తే గోధుమరంగు గీత పడుతుంది. ఫ్రెంచ్ జెట్ అని పేరున్నా అది ఉత్త నల్ల గాజు. చల్లగా, బరువుగా ఉంటుంది. గంధకంతో గట్టిపరిచిన రబ్బరు వల్కనైట్. ఎండ తగిలిన చోట గోధుమరంగుకు తిరుగుతుంది, వేలితో గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తుంది. ఐర్లండు బురద నేలల్లో నల్లబడిన ఓక్ కలపతో చేసినవి మెరుపు లేకుండా, లెన్సులో కలప చారలతో కనిపిస్తాయి. కాల్చిన సూదితో గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినవద్దు. ఆ గుంట మళ్లీ పూడదు.

బంగారం మచ్చ చూపించేటప్పుడు

బెజవాడ వన్ టౌన్‌లోనో గుంటూరు పట్నంబజారులోనో దుకాణానికి తీసుకెళితే ‘మచ్చ తక్కువండీ, ఇది బంగారం కిందికి రాదు’ అనే మాట తప్పక వింటారు. మచ్చ అంటే బంగారం స్వచ్ఛత. 916కు అలవాటు పడిన కంటికి అది తక్కువే. కాని ఆ నగ మోసం కాదు. బ్రిటన్‌లో 1854 నాటి చట్టం 15, 12, 9 క్యారెట్ల బంగారాన్ని కూడా అనుమతించింది. 15 క్యారెట్లంటే వందకు అరవైరెండున్నర పాళ్లు, 9 క్యారెట్లంటే ముప్పైఏడున్నర పాళ్లు బంగారం. 15, 12 క్యారెట్లను 1932లో తీసేశారు కనుక, 15 అనే ముద్ర ఉన్న నగ ఆ డెబ్బై ఎనిమిదేళ్ల లోపలిదని ధైర్యంగా చెప్పవచ్చు. ముద్రల్లో చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, మూడు గోధుమ పనల నడుమ కత్తి చెస్టర్‌ది, కోట ఎడిన్‌బరోది. పక్కన ఉండే ఒంటి అక్షరం పరీక్షించిన సంవత్సరాన్ని చెబుతుంది. ఊరిని బట్టి ఆ అక్షరాల పట్టిక మారుతుంది కాబట్టి ముందు ఊరి గుర్తు పట్టుకుని తరువాత అక్షరం చూడాలి. ఉంగరాలకు ముద్ర ఉండడమే ఎక్కువ. బ్రోచ్‌లకు చాలాసార్లు ఉండదు, మా దానికీ లేదు.

గీటురాయి మీద గీయనివ్వవద్దు, ఆకురాయి పెట్టనివ్వవద్దు, యాసిడ్ చుక్క అసలే వద్దు. ఎక్స్‌రే యంత్రంతో క్యారెట్ చూడమని అడగండి, మీ ఎదుటే చూడమనండి. ఆ యంత్రం పై పొరనే చదువుతుంది కాబట్టి, బంగారు పూత వేసిన నగ అందులో మంచి బంగారంలా కనిపించే అవకాశం ఉంది. అరిగిన అంచుల్లో రాగిరంగు తొంగిచూస్తోందేమో లెన్సుతో మీరే చూసుకోవాలి. తూకంలో కూడా గాజు, వెంట్రుకలు, లోపలి బోలు అన్నీ కలిసి ఉంటాయి. కరిగిస్తే వచ్చేది నాలుగైదు గ్రాముల తక్కువ మచ్చ బంగారం; పోయేది ఒక మనిషి పేరు. మా బ్రోచ్‌ను కరిగించి మనవరాలికి దిద్దులు చేసిస్తామని ఒక దుకాణంవాళ్లు పుటం దాకా తీసుకెళ్లారు, పక్కనే ఉండబట్టి ఆపగలిగాను. అందుకే నగను దుకాణంలో వదిలి రావద్దని గట్టిగా చెబుతున్నాను.

దాచడం, బాగుచేయించడం

దుమ్ము దులపడానికి మెత్తని పొడి కుంచె చాలు. వెనుక ఉన్న సాదా బంగారాన్ని మాత్రం కొద్దిగా తడిపి పిండిన మల్లుగుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టండి. ముత్యాలకు సెంటు, తలనూనె తగలకూడదు. పెట్టెలో కర్పూరం, కలరా ఉండలు వేయవద్దు. ఉతికి గంజి పోగొట్టిన నూలు గుడ్డలో విడిగా చుట్టి, ఇతర గొలుసులతో రాచుకోకుండా చిన్న డబ్బాలో ఉంచండి. మే నెల ఎండ తగిలే గోడకు ఆనిన బీరువా పైఅర దీనికి తగిన చోటు కాదు. వేడికి గాజును పట్టి ఉంచే పాత జిగురు వదులవుతుంది, ఏనుగు దంతం మీద గీసిన చిత్రమైతే పగులుతుంది. దంతం ఉన్న నగను మన దేశంలో అమ్మకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పిన్ను విరిగితే కంసాలి మామూలుగా పొడి పెట్టి మంటతో అతుకుతాడు. ఆ వేడికి వెంట్రుకలు కాలుతాయి, మీనా పగులుతుంది. లేజర్‌తో అతికేవారు దొరికితేనే ఇవ్వండి, దొరకకపోతే విరిగిన ముక్కను అదే డబ్బాలో ఉంచి ఆగండి. రాలిన ముత్యం చోట కొత్తది పెట్టించాలన్న కోరిక నాకూ కలిగింది; పెట్టించలేదు. ఖాళీ చోటు కూడా ఆ నగ చరిత్రలో భాగమేనని నా అభిప్రాయం.

అమెరికాలో ఉన్న కూతురికో కొడుక్కో పంపాలనుకుంటే తొందరపడవద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఎక్కడో విదేశంలో తయారై ఇక్కడికి వచ్చిన నగే కదా అనుకుని సూట్‌కేసులో వేసుకోక, ముందుగా పురావస్తు సర్వేక్షణ శాఖను రాతపూర్వకంగా అడగండి.

చివరిగా, నగతోపాటు ఒక కాగితం ఉంచండి. అది ఎవరు ఎవరికి ఇచ్చారు, ఏ ఊళ్లో, సుమారుగా ఏ సంవత్సరంలో, వెనుక ఏమి చెక్కి ఉంది, ఏ మూల దెబ్బతిన్నది, ఎందువల్ల దెబ్బతిన్నది, అన్నీ రాయండి. బాల్‌పెన్ సిరా కాలం గడిచేకొద్దీ పాకుతుంది కాబట్టి పెన్సిల్‌తో రాయండి, కాగితాన్ని నగకు తాకకుండా డబ్బా మూత లోపలివైపు మడిచి పెట్టండి. మా దానిలో దొరసాని పేరు లేదు, అమ్మమ్మ ఎప్పుడూ ‘మా అమ్మగారు’ అనే అనేది. ఆ మాటనే అలాగే రాశాను. కుంకుడు రసం సంగతి కింద అమ్మ తన చేత్తో తనే రాసి, తేదీ వేసింది.